గ్రహణమొర్రి గుట్టు చిట్టెలుక నోట్లో

తెలుగులో ఈ లోపానికి పెట్టిన పేరులోనే కారణం చెప్పేసి ఉంది, అదేమో తప్పు కారణం. గ్రహణమొర్రి. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం పట్టిన వేళ బయటికొస్తేనో, కత్తిపీట ముందు కూర్చుని కూర తరిగితేనో బిడ్డకి మొర్రి వస్తుందని మన నమ్మకం. మా పెద్దమ్మకి రెండో కొడుకు అంగిట్లో చీలికతో పుట్టాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు బిడ్డ పాలు తాగుతున్నాడా అని అడక్కముందే గ్రహణం రోజు ఏం చేశావమ్మా అని అడిగేవాళ్ళట. మొదట్లో ఏమీ చెయ్యలేదు అనేది, అడగ్గా అడగ్గా కొన్నాళ్ళకి దోసకాయ కోశానేమో అని ఆవిడే చెప్పడం మొదలుపెట్టింది. ఆ ఏడు అసలు గ్రహణం ఏ నెలలో వచ్చిందో, అప్పటికి ఆవిడకి ఎన్నో నెలో మాత్రం ఒక్కరూ లెక్క చూడలేదు.

ల్యాబుల్లో పెరిగే చిట్టెలుకలకీ ఇలాంటి పిల్లలు పుడతాయి. అవి పంజరంలో పుట్టి పంజరంలోనే పోతాయి, ట్యూబ్‌లైట్ తప్ప సూర్యుణ్ణి చూసిన పాపాన పోవు, దోసకాయలు కొయ్యవు. అయినా కొన్నిటికి అంగిలి మూసుకోదు. ఎందుకు మూసుకోదో తెలుసుకోడానికి డెబ్భై ఏళ్ళకి పైగా శాస్త్రవేత్తలు ఆ చిట్టెలుకల నోళ్ళే తెరిచి చూస్తున్నారు. వాళ్ళకి దొరికినవాటిలో ఏ ఒక్కటీ "ఇదిగో కారణం" అని చూపించేలా లేదు, వందల జన్యువులు బయటపడ్డాయి. అందుకే దీన్ని "ఏ జన్యువు వల్ల" అని అడిగితే చిక్కు ముడి పడిపోతుంది. "అంగిలి తయారయ్యే దారిలో పని ఎక్కడ ఆగింది" అని అడిగితే కాస్త విడుతుంది. ఈ వ్యాసమంతా ఆ రెండో ప్రశ్న చుట్టూనే.

ముందు ఒక తేడా. పెదవి చీలిక, అంగిలి చీలిక ఒకటి కాదు. పెదవి పిండం వయసు నాలుగు నుంచి ఏడు వారాల మధ్య అతుక్కుంటుంది. అంగిలి, అంటే నోటికీ ముక్కుకీ మధ్య ఉండే పైకప్పు, ఆరో వారంలో మొదలై దాదాపు పన్నెండో వారానికి పూర్తవుతుంది. రెండూ కలిసి రావచ్చు, ఏదో ఒకటే రావచ్చు. అంగిలి ఒక్కటే చీలితే బయటికి కనపడదు, బిడ్డ తాగిన పాలు ముక్కులోంచి వస్తుంటే అప్పుడు నోట్లో టార్చి వేసి చూస్తారు. అన్ని రకాలూ కలిపి ప్రపంచంలో సుమారు 700 మందిలో ఒకరికి ఇది ఉంటుందని లెక్క.

ఇక ఎలుకే ఎందుకు? మనిషి పిండంలో ఆరో వారం నుంచి జరిగేదాన్ని గంట గంటకీ చూడటం కుదరని పని, చాలామందికి కడుపుతో ఉన్నామని గట్టిగా తెలిసేదే ఆ రోజుల్లో. చిట్టెలుకకి గర్భం పంతొమ్మిది ఇరవై రోజులు. అంగిలి కథంతా పదకొండో రోజు దాటాక మొదలై పదహారో రోజుకల్లా ముగిసిపోతుంది, పైగా మనకి జరిగే వరసలోనే జరుగుతుంది. మన జన్యువుల్లో చాలావాటికి ఎలుకలో జోడీ ఉంది. దానికి తోడు, కావాలనుకున్న ఒక్క జన్యువుని పనిచెయ్యకుండా చేసి ఎలుకని పుట్టించే పద్ధతి 1980ల చివర్లో వచ్చింది (మారియో కపెకీ, మార్టిన్ ఎవాన్స్, ఆలివర్ స్మితీస్‌లకి 2007 నోబెల్ దీనికే). వీటినే నాకౌట్ ఎలుకలంటారు. ఒక జన్యువుని ఆపేసి ఏం పాడైందో చూడటం, ఫ్యూజు పీకి ఏ గదిలో దీపం ఆరిందో చూసినట్టు. చాలాసార్లు ఈ ఎలుకల్ని తయారుచేసినవాళ్ళు అంగిలి గురించి అనుకోనే అనుకోలేదు. పుట్టిన పిల్ల పల్చటి చర్మం కింద పొట్టలో తెల్లగా పాలు కనపడాలి, అది లేదు, పొట్ట గాలితో ఉబ్బింది, ఒక్క రోజులో చచ్చిపోయింది, నోరు తెరిచి చూస్తే అంగిలి చీలి ఉంది. ఎన్నో జన్యువుల సంగతి ఇలాగే తెలిసింది.

సరే, అంగిలి ఎలా మూసుకుంటుంది? పాత ఇళ్ళ రెండు రెక్కల తలుపు ఊహించుకోండి, కాకపోతే ఈ రెక్కలు పక్కనుంచి రావు. పై దవడకి రెండు వైపులా మాంసపు పొరల్లాంటివి పుట్టి మొదట కిందికి వేలాడతాయి, నాలుకకి అటొకటి ఇటొకటి. నాలుక మధ్యలో గడప మీద కూర్చున్న మనిషిలా అడ్డంగా ఉంటుంది. ఎలుకలో పద్నాలుగో రోజు ప్రాంతంలో కొద్ది గంటల్లోనే ఆ రెండు రెక్కలూ పైకి లేచి అడ్డంగా తిరుగుతాయి, నాలుక కిందికి జారుతుంది. అప్పుడు రెండు అంచులూ ఎదురై, ఒకదాన్నొకటి తాకి, అతుక్కుని, మధ్యలో ఉన్న అతుకు గోడ కూడా కరిగిపోయి ఒకే కప్పు అవుతుంది. పెరగడం, లేవడం, కలవడం, కరగడం. తర్వాత ముందు భాగంలో ఎముక పడుతుంది, వెనక మెత్తటి భాగంలో కండరాలు, కొండనాలుక.

పనులు ఇన్ని ఉన్నాయంటే చెడే చోట్లూ అన్ని ఉన్నట్టే.

పెరగడం దగ్గరే ఆగిపోయే ఎలుకలున్నాయి. 1994లో సతోకాటా, మాస్ అనే ఇద్దరు ఎమ్‌ఎస్‌ఎక్స్1 జన్యువు లేని ఎలుకల్ని తయారుచేస్తే వాటికి అంగిలి చీలింది, పళ్ళూ సరిగ్గా రాలేదు. రెక్కల లోపలి కణాలు చాలినన్ని పెరగలేదు, పొట్టిగా ఉండిపోయాయి. ఆ తర్వాత 2000లో నెదర్లాండ్స్‌లో ఒక కుటుంబంలో కొందరికి కొన్ని పళ్ళు పుట్టుకతోనే లేవు, కొందరికి చీలికలూ ఉన్నాయి, చూస్తే పాడైంది ఇదే జన్యువు. పన్నుకీ అంగిలికీ ఏం చుట్టరికం అనిపిస్తుంది కానీ, పిండంలో రెండూ ఒకే రకం బేరం మీద నడుస్తాయి. పైన చర్మంలాంటి పొర, కింద మెత్తటి కణజాలం, ఈ రెండూ ఒకదానికొకటి సంకేతాలు పంపుకుంటూ పెరుగుతాయి. కిందివాళ్ళు ఎఫ్‌జీఎఫ్10 అనే ప్రొటీన్ పంపితే పైవాళ్ళు దాన్ని అందుకుని సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ఇంకో ప్రొటీన్ పంపుతారు (ఇది ఒక వీడియో గేమ్ బొమ్మ పేరే, శాస్త్రవేత్తల సరదా). అటునుంచి జవాబు రాకపోతే ఇటువైపు పెరుగుదల ఆగుతుంది. కాబట్టి ఈ ఉత్తర ప్రత్యుత్తరాల్లో ఏ ఒక్క జన్యువు పాడైనా చివరికి కనపడేది ఒకటే, పొట్టి రెక్కలు, మధ్యలో సందు.

లేవడం దగ్గర ఆగేవి ఇంకా చిత్రం, ఎందుకంటే తప్పు కొన్నిసార్లు అంగిలిదే కాదు. కింది దవడ చిన్నదైతే నాలుకకి జారడానికి చోటు లేక గడప మీదే కూర్చుండిపోతుంది, రెక్కలు ఎంత బాగా పెరిగినా దాన్ని దాటలేవు. మనుషుల్లో పియెర్ రాబిన్ అని పిలిచే స్థితిలో జరిగేది ఇదే అని చాలామంది అభిప్రాయం. గాబా అని మెదడులో నరాల్ని శాంతపరిచే రసాయనం ఒకటుంది. దాన్ని తయారుచేసే జన్యువుని ఆపేసినా, దాన్ని అందుకునే జన్యువుల్లో ఒకదాన్ని ఆపేసినా ఎలుక పిల్లలకి అంగిలి చీలుతుంది. నరాల రసాయనానికీ నోటి పైకప్పుకీ ఏమిటి సంబంధం? కడుపులో ఉన్న పిల్ల నోరు, నాలుక కదిలించాలి, ఆ కదలిక లేకపోతే నాలుక తప్పుకోదు అన్నది ఒక వివరణ. నాకు ఈ రంగం మొత్తంలో బాగా నచ్చిన సంగతి ఇది, జన్యువు ఎక్కడ పనిచేస్తుందో చూసి అది ఎక్కడ దెబ్బ కొడుతుందో చెప్పలేం అనడానికి.

తాకినా అతుక్కోని కేసు 1995లో దొరికింది. రెండు వేరువేరు బృందాలు ఒకేసారి టీజీఎఫ్ బీటా 3 అనే జన్యువు లేని ఎలుకల్ని ప్రకటించాయి. వాటిలో రెక్కలు పెరిగాయి, లేచాయి, ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి, అక్కడితో సరి. పక్కపక్కనే కూర్చుని మాట్లాడుకోని బంధువుల్లా. ఇక్కడ కోడి కూడా కథలోకి వస్తుంది. ఈసారి కోడిని కోసేటప్పుడు నోరు తెరిచి పైకి చూడండి, అంగిలి మధ్యలో పొడుగ్గా సందు ఉంటుంది. అది లోపం కాదు, పక్షుల నిర్మాణమే అంత, వాటి అంగిలి రెక్కలు కలిసి ఒకటి కావు. 1990ల చివర్లో కోడి పిండం అంగిలి ముక్కల్ని గిన్నెలో పెట్టి ఈ టీజీఎఫ్ బీటా 3 ప్రొటీన్ కలిపితే, కోట్ల ఏళ్ళుగా కలవని ఆ అంచులు అతుక్కోవడం మొదలుపెట్టాయి. అతుక్కోమని చెప్పే మాట ఏదో ఇంతకన్నా స్పష్టంగా చూపించడం కష్టం.

ఇప్పుడు అసలు కథానాయకుడు, ఐఆర్‌ఎఫ్6. ఇది ఎలుకలో కాదు, మనిషిలో ముందు దొరికింది. వాన్ డెర్ వూడ్ సిండ్రోమ్ అని వంశాల్లో నడిచే చీలిక ఒకటుంది, దాని గుర్తు కింది పెదవి మీద రెండు చిన్న గుంటలు. కారణమైన జన్యువు ఒకటో నంబరు క్రోమోజోములో ఫలానా ముక్కలో ఉందని తెలుసు కానీ ఆ ముక్కలో జన్యువులు చాలా ఉన్నాయి, ఒకరికొకరికి ఉండే మామూలు తేడా ఏదో, రోగం తెచ్చే తేడా ఏదో తేలట్లేదు. ఏకరూప కవలలు ఒక జంట దొరికారు, ఇద్దరిలో ఒకరికే సిండ్రోమ్. కవలలు కాబట్టి మిగతా డీఎన్ఏ అంతా ఒకటే, తేడా ఎక్కడుంటే దొంగ అక్కడే. అలా పట్టుకున్నారు, 2002లో ప్రకటించారు.

2006లో ఈ జన్యువు పూర్తిగా లేని ఎలుకలు వచ్చాయి, వాటిని చూసి అందరికీ ఆశ్చర్యం. వాటి అంగిలి రెక్కలు నాలుకకి అంటుకుపోయి ఉన్నాయి. నోరే దాదాపు మూసుకుపోయింది, కాళ్ళు ఒంటికి అతుక్కున్నాయి. అతుక్కోకపోవడం వల్ల వచ్చే జబ్బు అనుకుంటే ఇక్కడ ఎక్కువగా అతుక్కోవడం వల్ల వచ్చింది! తర్వాత ఏళ్ళలో అర్థమైంది ఏమిటంటే, పిండం చర్మం మీద ఒకే ఒక్క కణం మందాన పల్చటి పొర ఉంటుంది, దాని పని అంటుకోకుండా చూడటం. పెనానికి నూనె రాయకుండా దోసె పోస్తే ఏమవుతుందో మనకి తెలుసు కదా, ఆ పొర లేకపోతే పిండానికి అదే అవుతుంది. ఐఆర్‌ఎఫ్6 లేకపోతే ఆ పొర సరిగ్గా తయారవదు, వేలాడుతున్న రెక్కలు పక్కనే ఉన్న నాలుకకి అంటుకుంటాయి, ఇక లేవవు. కానీ అదే పొర రెక్కలు కలిసే సమయానికి అంచుల దగ్గర్నుంచి తప్పుకోవాలి కూడా, లేకపోతే అవి ఒకదానికొకటి అతుక్కోవు. పైన చెప్పిన టీజీఎఫ్ బీటా 3 పాత్ర ఇక్కడే, ఆ కబురు అంచుకి చేరడంలో మళ్ళీ ఐఆర్‌ఎఫ్6కే చెయ్యి ఉంది. ఒకే జన్యువు, పదమూడో రోజు "అంటుకోకు" అనే పక్షంలో, పద్నాలుగో రోజు దాటాక "అంటుకో" అనే పక్షంలో. అందుకే జన్యువు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న ఇక్కడ చెల్లదు, ఏ గంటలో ఏ చోట అని అడగాలి.

ఇంకో ముడి ఇక్కడే విప్పొచ్చు. "మా రెండు వైపులా ఎవరికీ లేదు, మా బిడ్డకెందుకు వచ్చింది" అని ప్రతి తల్లీ తండ్రీ అడుగుతారు. 2010లో ఒక ఎలుక ప్రయోగం దీనికి పాక్షికంగా జవాబిచ్చింది. ప్రతి జన్యువుకీ రెండు కాపీలుంటాయి, అమ్మదొకటి నాన్నదొకటి. పి63 అనే జన్యువు ఐఆర్‌ఎఫ్6తో కలిసి పనిచేస్తుంది. పి63 ఒక కాపీ పోయిన ఎలుకకి అంగిలి బాగానే ఉంది. ఐఆర్‌ఎఫ్6 ఒక కాపీ పాడైన ఎలుకకీ బాగానే ఉంది. ఈ రెంటినీ జతకలిపితే, రెండు సగం లోపాలూ ఒకేచోట చేరిన పిల్లలకి అంగిలి చీలింది. అమ్మలో లోపం కనపడదు, నాన్నలో కనపడదు, బిడ్డ దగ్గర లెక్క కలిసింది. మనుషుల్లో మామూలుగా వచ్చే చీలికల్లో ఇలాంటి చిన్న చిన్న తేడాలు రెండు కాదు, ఇంకా ఎక్కువే కలుస్తాయి, వాటికి తోడు బయటి కారణాలు.

బయటి కారణాల సంగతికి 1951కి వెళ్ళాలి. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో క్లార్క్ ఫ్రేజర్ బృందం గర్భంతో ఉన్న ఎలుకలకి కార్టిజోన్ ఇంజెక్షన్లు ఇచ్చింది. ఒక జాతి ఎలుకల్లో, దాని పేరు "ఏ", దాదాపు అన్ని పిల్లలకీ అంగిలి చీలింది. సీ57 అనే ఇంకో జాతిలో అదే మందు ఇస్తే సుమారు ఐదింట ఒక వంతుకే. మందు ఒకటే, మోతాదు ఒకటే. తర్వాత గమనించింది ఏమిటంటే, ఆ "ఏ" అనే జాతిలో మందు ఇవ్వకపోయినా రెక్కలు కాస్త ఆలస్యంగా లేస్తాయి. ఊరికి చివరి బస్సు తొమ్మిదింటికి అనుకోండి. ఎప్పుడూ ఎనిమిదిన్నరకే బస్టాండుకి చేరేవాడికి దారిలో బండి పంచరైనా బస్సు దొరుకుతుంది. తొమ్మిదికి రెండు నిమిషాల ముందు పరిగెత్తుకుంటూ వచ్చేవాడు మామూలు రోజుల్లో ఎక్కేస్తాడు కానీ, పంచరైన రోజు ఆ రాత్రి బస్టాండులోనే. ఆ ఆలస్యం జన్యువుల్లోంచి వచ్చింది, పంచరు మందు వల్ల వచ్చింది, మరి బస్సు తప్పింది దేనివల్ల? రెండిటి వల్లా, విడదీసి చెప్పలేం. రెక్కలు లేచేలోగా తల వెడల్పు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి బాగా ఆలస్యమైతే లేచినా అందుకోలేవు. మనుషుల్లో సిగరెట్లు, మూర్ఛకి వాడే కొన్ని మందులు ఈ పంచరు కోవలోకే వస్తాయి (మందు వాడుతున్నవాళ్ళు దీన్ని చదివి సొంతంగా ఆపెయ్యకండి, మూర్ఛ వస్తే ఇంకా ప్రమాదం, డాక్టర్నే అడగండి). మేనరికాలు మనకి ఎక్కువ కాబట్టి అదీ చెప్పాలి. 2010లో ఆంధ్రప్రదేశ్ మీద వచ్చిన అధ్యయనం ఒకటి వెయ్యి జననాలకి ఒకరి కన్నా కాస్త ఎక్కువ మందికి చీలిక ఉందని, దగ్గరి చుట్టరికపు పెళ్ళిళ్ళలో అది ఎక్కువగా కనపడిందని చెప్పింది.

జన్యువులూ ఒకటే, పంజరమూ ఒకటే, అయినా కొన్ని పిల్లలకి చీలిక, కొన్నిటికి లేదు, అలాంటి ఎలుకలూ ఉన్నాయి. ఏ/వైసన్ అనే జాతిలో పిల్లల్లో కొంత భాగానికే పెదవి, అంగిలి చీలుతాయి. వాటిలో వింట్9బి అనే జన్యువు పక్కన ఎప్పుడో పాత వైరస్‌ని పోలిన డీఎన్ఏ ముక్క ఒకటి వచ్చి కూర్చుంది. ఆ ముక్క మీద రసాయన ముద్రలు ఎక్కువ పడితే అది నిద్రపోతుంది, తక్కువ పడితే మేలుకుని పక్కింటి జన్యువు పనికి అడ్డుతగులుతుంది. ఒక్కో పిల్లలో ఆ ముద్రలు ఒక్కోలా పడతాయి. అంటే డీఎన్ఏ అక్షరాలు మొత్తం చదివినా ఏ పిల్లకి వస్తుందో ముందుగా చెప్పలేం.

ఎలుకతో ఇబ్బందులు లేవని కాదు. ఐఆర్‌ఎఫ్6 ఒక్క కాపీ పాడైతే చాలు మనిషికి సిండ్రోమ్ వస్తుంది, ఎలుకలో ఒక్క కాపీ పోతే అంగిలి బాగానే మూసుకుంటుంది. నాకౌట్ ఎలుకల్లో అంగిలి మాత్రమే చీలేవి బోలెడు, పెదవి చీలేవి చాలా తక్కువ. మన దగ్గర పెదవితో కలిసి చీలడమే ఎక్కువ.

ఇక వైద్యం మాట. పాక్స్9 అనే జన్యువు లేని ఎలుకలకి అంగిలి చీలుతుంది, పళ్ళు రావు. వాటిలో వింట్ అనే సంకేత మార్గం బలహీనంగా ఉందని గమనించి, 2017లో అమెరికాలో యూటాలో రేనా డిసౌజా బృందం గర్భంతో ఉన్న తల్లి ఎలుకకే ఆ మార్గాన్ని బలపరిచే మందు ఇచ్చింది. కడుపులోనే పిల్లల అంగిలి మూసుకుంది. చదివినప్పుడు నాకూ ఒళ్ళు జలదరించింది కానీ, మనుషులకి ఎప్పుడొస్తుందని అడిగేవాళ్ళు ఒక్కసారి రోజులు లెక్కపెట్టుకోవాలి. మనిషి అంగిలి పన్నెండో వారానికి అయిపోతుంది. మనకి టిఫా స్కాన్ తీసేది పద్దెనిమిది నుంచి ఇరవై రెండో వారం మధ్య, అందులోనూ పెదవి చీలిక పట్టుబడుతుంది కానీ అంగిలి ఒక్కటే చీలితే తరచూ దొరకదు. లోపం ఉందని తెలిసేసరికే తలుపులు మూసే వేళ దాటిపోయి ఉంటుంది. ముందుగానే అందరికీ ఇద్దామంటే వింట్ మార్గం ఒళ్ళంతా పనిచేస్తుంది, క్యాన్సర్లలోనూ దానికి పాత్ర ఉంది. కాబట్టి ఇప్పటికి మనకున్నది ఆపరేషనే, అది బాగానే ఉంది, అంగిలికి మామూలుగా తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర లోపు చేస్తారు, మాట స్పష్టంగా రావాలంటే ఆ తర్వాత స్పీచ్ థెరపీ.

ఎలుకల వల్ల ఈ రోజు ఒక కుటుంబానికి ఒరిగేది ఎక్కడంటే, డాక్టరు అడిగే ప్రశ్నల్లో. జన్యు సలహా ఇచ్చే డాక్టర్ దగ్గరికి బిడ్డతో వెళ్తే గ్రహణం ఊసు రాదు. ఇంట్లో ఎవరికైనా కింది పెదవి మీద గుంటలున్నాయా (ఉంటే ఐఆర్‌ఎఫ్6 వైపు చూస్తారు, అప్పుడు గుంటలున్నవాళ్ళ ప్రతి బిడ్డకీ ఆ మార్పు చేరే అవకాశం సగానికి సగం). పెద్దయ్యాక కూడా రాని పళ్ళు ఎవరికైనా ఉన్నాయా, పీకించుకున్నవి కాదు, అసలు మొలవనివి (ఎమ్‌ఎస్‌ఎక్స్1). నాలుక కింద నరం పొట్టిగా ఉండి నాలుక బయటికి రాని మగపిల్లలు అమ్మ తరఫున ఉన్నారా (టీబీఎక్స్22, ఇది ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది). గుండెలో లోపం ఉందా. ఇవేవీ లేకపోతే ఎన్నో చిన్న కారణాలు కలిసిన మామూలు రకం అయ్యుండొచ్చు, తర్వాతి బిడ్డకి వచ్చే అవకాశం నూటికి నాలుగైదు లోపే ఉంటుంది.

మా పెద్దమ్మని ఈ ప్రశ్నల్లో ఒక్కటీ ఎవరూ అడగలేదు. మొన్న పండక్కి వెళ్ళినప్పుడు నేనడిగాను, పళ్ళ సంగతి. కాసేపు ఆలోచించి, మీ పెదనాన్నకి పైన పక్క పన్ను ఎప్పుడూ లేదురా, చిన్నప్పుడు జామకాయ కొరికితే ఊడిందని వాళ్ళమ్మ అనేది అంది.